ఖాళీ జీపులో వినపడని చప్పుడు

"ఇది జీపుకొచ్చిన జబ్బు కాదండి డాక్టరమ్మగారూ. డ్రైవరు కాలికొచ్చిన జబ్బు."

డెబ్బైల చివర్లో ఒక పొద్దున, రాజోలు దగ్గర ఓ చిన్న ఆసుపత్రి వరండా మెట్ల మీద నిలబడి, గ్రీజు చేతులు గుడ్డకి తుడుచుకుంటూ నేనన్న మాట ఇది. మందుల కోసం బెంచీల మీద కూర్చున్నవాళ్ళు నవ్వారు. మాట బాగా పేలిందని నాకూ సంతోషం వేసింది. డ్రైవరు యేసురత్నంగారు మెట్ల కిందే నిలబడి ఉన్నారు. నాకంటే పదేళ్ళు పెద్ద. ఆయన నవ్వలేదు, కాదనలేదు. నా వైపు ఒకసారి చూసి, మా వైపు అవునండి అనడానికి అనే "ఆయ్" అన్నారు.

ఆ మాట తప్పు. మెకానిక్కుగా నేను చాలా తప్పులు చేశాను. బోల్టులు విరగ్గొట్టాను, బాగున్న గేరు బాక్సులు దింపాను. అవన్నీ ఇనుముతో పోయాయి. ఇది మాత్రం ఒక మనిషి పనికీ పేరుకీ తగిలింది. ఈ పనిలోకి కొత్తగా వచ్చేవాళ్ళు నన్ను అనుభవాలు చెప్పమంటే, మంచి రిపేర్ల గురించి అడుగుతున్నారని నాకు తెలుసు. కానీ నాకు పని నేర్పింది ఈ రిపేరే.

చప్పుడు ఎక్కడిది

అమలాపురంలో వీర్రాజు మేస్త్రీగారి షెడ్డులో నేను పని నేర్చుకున్నాను. ఆయన పానా పట్టుకునే ముందు చెవి పెట్టేవారు. పొడుగాటి స్క్రూడ్రైవరు కొన ఇంజను మీద ఆనించి, పిడి చెవికి ఆనించుకుని, కళ్ళు మూసుకునేవారు. చప్పుడు పుట్టే చోటు వేరు, వినపడే చోటు వేరు అని ఆయనే చెప్పారు. జీపు కింద ముందు నుంచి వెనక దాకా ఇనుమే. వెనక మోగింది డ్రైవరు సీటు కింద వినపడుతుంది, ముందు మోగింది వెనక కూర్చున్నవాడికి వినపడుతుంది.

ఆ రోజుల్లో మా వైపు తిరిగే జీపుల్లో చాలావరకు పాతవి, నాలుగు చక్రాలూ లాగేవి. మామూలుగా వెనక చక్రాలే లాగుతాయి. బురదలో దిగబడితే చిన్న లివరు వేస్తారు, అప్పుడు ముందు చక్రాలూ లాగుతాయి. అందుకని కింద ఉండాల్సినవన్నీ రెండేసి ఉంటాయి. గేరు బాక్సు దగ్గర్నుంచి ముందుకొక షాఫ్టు, వెనక్కొక షాఫ్టు. ప్రతి షాఫ్టుకీ రెండు చివర్లా మడతపడే క్రాసులు. చక్రాల మధ్య పళ్ళ చక్రాలుండే డిప్ప, హౌసింగు, ముందొకటి, వెనకొకటి. "ఠంగుమంటోందండి" అని బండి తెచ్చిన పార్టీ చెప్తే, అనుమానించడానికి పాతిక చోట్లుంటాయి. అదే నాకు ఇష్టం. సినిమాకి వెళ్ళడం కంటే అలాంటి జీపు కింద పడుకోవడం నాకు బాగుండేది.

ఒకసారి ఓ కొబ్బరి వ్యాపారిగారి జీపు బయల్దేరినప్పుడు ఒక దెబ్బ, ఆగినప్పుడు ఒక దెబ్బ కొడుతోందని తెచ్చారు. నేను వెనక షాఫ్టు విప్పాను, క్రాసులు మార్చాను, హౌసింగు మూత తీశాను. అన్నీ బాగానే ఉన్నాయి. మూడో రోజు మేస్త్రీగారు వచ్చి వెనక సీటు ఎత్తారు. కింద ఎండు కొబ్బరికాయ ఒకటుంది. బయల్దేరితే వెనక్కి, ఆగితే ముందుకి దొర్లుతోంది.

"ఏరా సత్యం, దీన్ని కూడా విప్పుతావా, దేవుడికి కొడదామా?" అన్నారు.

ఆయన మంచి గురువు. కానీ ఆయన చెప్పినవాటిలో రెండు మాటలు నన్ను పాడు చేశాయని ఇన్నేళ్ళ తర్వాత చెప్పక తప్పదు. మొదటిది: "బండి అబద్ధం చెప్పదు, డ్రైవరు చెప్తాడు." రెండోది: "పార్టీ ముందు తప్పు ఒప్పుకోకు. షెడ్డు పేరు పోతుంది." ఈ రెండూ నేను వేదవాక్కుల్లా రాజోలులో నా సొంత షెడ్డుకి మోసుకొచ్చాను.

డాక్టరమ్మగారి జీపు

ఆ ఆసుపత్రి నడిపే డాక్టరమ్మగారు వారానికి రెండు రోజులు జీపులో మందులూ నర్సునీ వేసుకుని లంక ఊళ్ళకి వెళ్ళేవారు. దారిలో గోదావరి పాయ దాటాలి. వంతెన లేదు, పంటు మీద దాటించేవారు. గట్టు నుంచి పంటు మీదికి రెండు మందపాటి బల్లలు వేస్తారు. జీపు వాటి మీదుగా ఎక్కి, అవతలి రేవులో అలాగే దిగాలి. ఎక్కేటప్పుడు జీపు ఒక్క కుదుపు కుదిపినా బల్ల జారుతుంది. యేసురత్నంగారు ఆ బల్లలెక్కుతుంటే పంటువాళ్ళు తాడు వదిలేసి బీడీ ముట్టించుకునేవారట. అంత నమ్మకం.

ఒక రోజు ఆయనే జీపు తెచ్చి నా షెడ్డు ముందు ఆపారు.

"మేస్త్రీగారండి, వెనకాల ఠంగుమంటోందండి. ఆగి బయల్దేరినప్పుడు ఒక్కటే దెబ్బండి. మళ్ళీ ఉండదు."

"ముందు చక్రాల లివరు వేసి మర్చిపోయేరేమో?"

"లేదండి. బురద దాటగానే తీసేస్తానండి."

అది అడగడం తప్పు కాదు. గట్టి రోడ్డు మీద లివరు వేసి నడిపితే ముందు వెనకలు ఒకదాన్నొకటి బిగలాగుకుని, చివరికి ఎక్కడో ఒకచోట దెబ్బ కొట్టి వదులుతాయి. చూస్తే లివరు తీసే ఉంది.

అప్పుడు ఆయన ఇంకో మాట చెప్పారు. "ఖాళీగా ఉంటే అరవదండి. వెనకాల నలుగురెక్కితే అరుస్తుందండి."

ఆ మాట విన్నాను. విని నవ్వాను. "అరిచేది ఎక్కినవాళ్ళేమో చూసుకోండి యేసురత్నంగారూ" అన్నాను.

ఆయన జబ్బు పేరు తప్ప అంతా చెప్పేశారు. ఎప్పుడు మోగుతుందో, ఎప్పుడు మోగదో, ఎన్నిసార్లు మోగుతుందో. వైద్యుడికి రోగి అంతకంటే ఏం చెప్పగలడు?

చక్రాలకి రాళ్ళు పెట్టి కిందికి దూరాను. వెనక షాఫ్టుని రెండు చేతులా పట్టుకుని అటూ ఇటూ తిప్పాను. క్రాసుల్లో ఆట, అంటే వదులు, లేదు. హౌసింగులో పళ్ళ మధ్య ఉండాల్సినంత ఆటే ఉంది. ఇంజను కింద రబ్బర్లు బాగున్నాయి. బండి బరువు మోసే కమాన్లని పట్టుకునే బోల్టులు బిగువుగా ఉన్నాయి. షాఫ్టు మధ్యలో ఒక ముక్క ఇంకో ముక్కలోకి జారే చోటొకటి ఉంటుంది. అక్కడ గ్రీజు నిగనిగలాడుతోంది. వారం వారం ఆ జీపుకి గ్రీజు కొట్టేది నేనే కాబట్టి గర్వంగా కూడా అనిపించింది.

ఆ తర్వాత యేసురత్నంగారిని దింపేసి నేనొక్కణ్ణే ఎక్కి నడిపాను. ఊరి చివరి దాకా వెళ్ళాను, పదిసార్లు ఆపాను, పదిసార్లు బయల్దేరాను. చప్పుడు లేదు.

నేను నడిపితే లేదు, ఆయన నడిపితే ఉంది. అయితే తేడా ఎక్కడుంది? ఆయన క్లచ్చి వదిలే కాల్లో ఉంది. నాకు ఆ లెక్క ఎంత బాగుందనిపించిందంటే, జీపులో ఆ రోజు నేను తప్ప ఇంకెవరూ లేరన్న సంగతే తట్టలేదు. మర్నాడు జీపు అప్పగించడానికి వెళ్ళి, వరండా మెట్ల మీద ఆ మాట అన్నాను.

గేటు దగ్గర స్టూలు

డాక్టరమ్మగారు చెడ్డ మనిషి కాదు. గర్భిణీ స్త్రీలని ఎక్కించుకుని వెళ్ళే జీపు. డ్రైవరు కాలు మీద నమ్మకం లేకపోతే ఆవిడ మాత్రం ఏం చేస్తారు? యేసురత్నంగారి దగ్గర తాళం తీసుకుని, ఆయన్ని గేటు దగ్గర స్టూలు మీద కూర్చోబెట్టారు. జీతం తగ్గించలేదు. కొత్త డ్రైవర్ని పెట్టుకున్నారు.

ఆ దారిన వెళ్ళినప్పుడల్లా ఆయన కనిపించేవారు. "బావున్నారా మేస్త్రీగారండి" అని ఆయనే ముందు పలకరించేవారు. అది నాకు ముల్లులా తగిలి ఉండాల్సింది. తగల్లేదు. నేను చెప్పింది నిజమే కాబట్టి ఆయనకి కోపం లేదనుకున్నాను.

నెల తిరిగింది. డాక్టరమ్మగారి దగ్గర్నుంచి కబురొచ్చింది. వెళితే ఆవిడ వరండాలోనే నిలబడి ఉన్నారు.

"ఏవయ్యా సత్యం, కొత్తతని కాలికి కూడా అదే జబ్బొచ్చినట్టుంది. అంటుజబ్బంటావా?"

బెంచీల మీదివాళ్ళు మళ్ళీ నవ్వారు. ఈసారి నన్ను చూసి.

పంటు మీద సుద్దగీత

ఆ రోజు వాళ్ళు లంకకి వెళుతుంటే నేనూ జీపెక్కాను. డాక్టరమ్మగారు, నర్సు, మందుల పెట్టెలు, వెనకాల నేను. గేటు దాటగానే ఠంగ్! నా కాళ్ళ కింద, ఇనుప పళ్ళెం మీద సుత్తితో కొట్టినట్టు. ఒక్కటే. మళ్ళీ లేదు. రేవు దగ్గర ఆగి బయల్దేరితే మళ్ళీ ఒకటి. కొత్త డ్రైవరు క్లచ్చి మెల్లగానే వదిలాడు. నేను అతని కాలే చూస్తూ కూర్చున్నాను.

నాకు అవమానం పోయి కుతూహలం పట్టుకుంది. నెల కిందట నేనొక్కణ్ణే నడిపిన జీపులో లేని చప్పుడు ఇవాళ ఎందుకుంది? అప్పుడు వినపడింది యేసురత్నంగారి మాట. నలుగురెక్కితే అరుస్తుందండి.

నలుగురెక్కితే ఏమవుతుంది? కమాన్లు కిందికి అణుగుతాయి. అణిగితే గేరు బాక్సుకీ వెనక హౌసింగుకీ మధ్య దూరం కాస్త మారుతుంది. షాఫ్టు ఇనుప గొట్టం, అది సాగదు, ముడుచుకోదు. అందుకే మధ్యలో జారే ముక్క పెట్టారు. మనుషులెక్కినప్పుడల్లా అది చప్పుడు లేకుండా అటో ఇటో జారాలి. జారకపోతే?

పంటు మధ్య గోదావరిలో ఉండగా అందరూ దిగి నిలబడ్డారు. జీపు ఖాళీగా ఉంది. నేను కిందికి దూరి, జారే ముక్క మీద రెండు భాగాలకీ కలిపి సుద్దతో ఒక గీత గీశాను.

"దేవుడికి బొట్టెడుతున్నారా ఏంటండి?" అన్నాడు పంటు సరంగు వంగి చూస్తూ.

"ఇంకాసేపట్లో తెలుస్తుంది బాబూ, దేవుడో దెయ్యమో."

అవతలి రేవు దగ్గర పడగానే అందర్నీ జీపెక్కమన్నాను. సరుకు దించుకోవడానికి వచ్చిన ఇద్దర్ని కూడా వెనకాల కూర్చోమన్నాను. జీపు బెత్తెడు కిందికి దిగింది. మళ్ళీ దూరి చూశాను. సుద్దగీత ఒక్క నూలు కూడా కదల్లేదు. ఆ ముక్క బిగుసుకుపోయి ఉంది. మొత్తం బరువు దాని మీద పడి, ఎటూ జారలేక బిర్రుగా ఉంది.

నేను బయటికొచ్చి చెయ్యి ఊపాను. జీపు బల్లల మీదికి కదిలింది. ఠంగ్!

గట్టు మీద ఆపించి, మూడోసారి కిందికి దూరాను. గీత విడిపోయింది. ఒక ముక్క ఇక్కడ, ఇంకో ముక్క బొటనవేలు వెడల్పు దూరంలో. కదలాల్సినప్పుడు మెల్లగా కదలక, ఇంజను లాగినప్పుడు ఒక్కసారిగా ఊడి జారుతోందన్నమాట. ఆ దెబ్బే ఆ చప్పుడు.

అంతవరకు నా మనసు ఎంత ఉత్సాహంగా ఉందో చెప్పలేను. దొంగ దొరికాడు. కానీ మరుక్షణమే ఇంకో ప్రశ్న వచ్చింది. గ్రీజు నిగనిగలాడుతుంటే ఆ ముక్క ఎందుకు బిగుసుకుంది?

దసరా రంగు

గ్రీజు కొట్టడానికి అక్కడొక చిన్న నిపుల్ ఉంటుంది. గ్రీజు గన్ను మూతి దాని మీద పెట్టి నొక్కితే లోపలికి ఎక్కుతుంది. లోపల నిండాక పక్కల నుంచి బయటికొస్తుంది. బయటికొచ్చిందంటే నిండిందని లెక్క.

నేను గుడ్డతో గ్రీజంతా తుడిచాను. కింద నల్ల రంగు. నిపుల్ తల మీద కూడా నల్ల రంగు, మందంగా, గట్టిగా, ఉండకట్టి. గోరుతో గీకితే రాలేదు. స్క్రూడ్రైవరు కొనతో గీకితే పెళ్ళలా ఊడింది. ఆ పెళ్ళలో బ్రష్షు వెంట్రుక ఒకటి ఇరుక్కుని ఉంది.

ఆ బ్రష్షు నాది.

మా షెడ్డులో దసరాకి పనిముట్లన్నిటికీ పూజ చేసేవాళ్ళం. ఆ రోజు షెడ్డులో ఏ బండి ఉంటే దానికి చక్రాలూ, అడుగుభాగమూ రంగు వేసి పంపడం మా ఆనవాయితీ. డబ్బు తీసుకునేవాళ్ళం కాదు. ఆ ఏడు డాక్టరమ్మగారి జీపు బ్రేకుల పనికి వచ్చి ఉంది. వాళ్ళు క్రైస్తవులైతేనేం, మన పండగ వాళ్ళ పండగ అనేం ఉంది, ఆసుపత్రి బండి కదా అని నేనే జీపు కింద పడుకుని, షాఫ్టులూ హౌసింగులూ అద్దంలా మెరిసేలా రంగు వేశాను. నిపుల్ మీద కూడా వేశాను. జారే ముక్క సందులోకి కూడా రంగు దిగింది. ఆ తర్వాత వారం వారం నేను కొట్టిన గ్రీజు ఒక్క చుక్క లోపలికి వెళ్ళలేదు. మూతి చుట్టూ బయటికొచ్చేసింది. నేను దాన్ని చూసి, నిండిందనుకుని, తుడిచి పంపేశాను. సముద్రపు పోటు తగిలే పాయ నీళ్ళ ఉప్పుకి లోపల పళ్ళు తుప్పు పట్టాయి.

జబ్బు తెచ్చింది నేను. వైద్యం చేస్తున్నాననుకుంది నేను. రోగి మాట విననిది నేను. స్టూలు మీద కూర్చుంది మాత్రం యేసురత్నంగారు.

మళ్ళీ ఆ మెట్ల మీద

జీపు షెడ్డుకి తెచ్చి షాఫ్టు దింపి, జారే ముక్క విప్పి, కిరసనాయిల్లో నానబెట్టి తుప్పు గీకి, గ్రీజు నింపి బిగించాను. సగం రోజు పని. ఎనిమిది మందిని ఎక్కించి నడిపితే కిక్కురుమనలేదు.

ఇప్పుడు వీర్రాజు మేస్త్రీగారి రెండో మాట గుర్తొచ్చింది. పార్టీ ముందు తప్పు ఒప్పుకోకు. "ఏదో చిన్న తుప్పండి, తీసేశాను" అని చెప్తే అయిపోయేది. డాక్టరమ్మగారు సంతోషించేవారు. యేసురత్నంగారు స్టూలు మీదే ఉండేవారు. నిజం చెప్పాలా, షెడ్డు పేరు కాపాడుకోవాలా అని నేను ఒక పూట నలిగాను. ఆ పూట నలగాల్సి వచ్చిందన్నదే ఇవాళ నాకు సిగ్గు.

మర్నాడు పొద్దున, మందులిచ్చే వేళ చూసుకుని వెళ్ళాను. కావాలనే ఆ వేళకి వెళ్ళాను. బెంచీల నిండా జనం ఉన్నారు. గేటు దగ్గర యేసురత్నంగారి చెయ్యి పట్టుకుని వరండా దాకా తీసుకెళ్ళాను. అదే మెట్టు మీద నిలబడ్డాను.

"డాక్టరమ్మగారూ, ఆ రోజు ఇక్కడే ఈయన కాలికి జబ్బన్నానండి. జబ్బు నా చేతికండి. గ్రీజెక్కే చోట రంగు పూసింది నేనే. ఈయన ఉన్న సంగతి సరిగ్గానే చెప్పేరు, నేను విన్లేదండి."

రంగు పెళ్ళ జేబులోంచి తీసి చూపించాను. ఎవరూ నవ్వలేదు. డాక్టరమ్మగారు ఆ వెంట్రుకని చాలాసేపు చూశారు.

"నీ మాట విని నేనూ ఆయన్ని అడగలేదు" అని లోపలికి వెళ్ళి, తాళం తెచ్చి ఆయనకి చాపారు. "రత్నంగారూ, తీసుకోండి. కొత్తతనికి ఆసుపత్రిలో వేరే పని చూస్తాను."

ఆయన తీసుకోలేదు.

"వద్దండి డాక్టరమ్మగారూ. కొన్నాళ్ళు ఆగనివ్వండి."

నాకు అర్థం కాలేదు. గేటు దగ్గరికి వెనకే వెళ్ళి అడిగాను. ఆయన స్టూలు మీద కూర్చుని, ఎడమ కాలు కొద్దిగా ఎత్తి, మెల్లగా దించారు.

"నెల్లాళ్ళుగా ఇదే పనండి. క్లచ్చి వదిలినట్టు వదిలి చూసుకుంటున్నానండి. మా ఆవిడ 'ఏంటయ్యా ఆ కాలు, తిమ్మిరెక్కిందా' అంటాదండి. మీరంతటోరు చెప్పేరు గదా, నాదే తప్పేమో అనుకున్నానండి. ఇప్పుడు కాదంటే మనసు నమ్ముతోంది గానీ, కాలు నమ్మట్లేదండి."

షాఫ్టు తుప్పు కిరసనాయిల్లో పోయింది. దీన్ని దేంట్లో నానబెట్టాలో నాకు తెలియలేదు.

ఆదివారాలు

ఆలోచించి ఆలోచించి ఒక పని చేశాను. నాకు జీపు నడపడం వచ్చు, కానీ పంటెక్కించడం రాదు. రేవు దాకా వెళ్ళి తాళం డ్రైవర్లకి ఇచ్చేసేవాణ్ణి. ఆదివారం ఆయన ప్రార్థన ముగించుకుని ఇంటికొచ్చాక వెళ్ళి, "యేసురత్నంగారూ, నాకు పంటెక్కించడం నేర్పాలండి" అన్నాను.

"మీకెందుకండి?"

"రేపు ఇంకో డ్రైవరు కాలు గురించి మాట్లాడే ముందు, కాలంటే ఏంటో తెలుసుకోవాలి గదండి."

ఆయన చొక్కా వేసుకుని బయల్దేరారు. డాక్టరమ్మగారు జీపిచ్చారు. మొదటి ఆదివారం ఆయన స్టీరింగు ముట్టుకోలేదు. పక్కన కూర్చుని మాటతోనే నేర్పారు. నేను బల్ల ముందు ఆగి నాలుగుసార్లు ఇంజను ఆపేశాను. సరంగు నదిలోకి దూకుతానని బెదిరించాడు. రెండో ఆదివారం ఆయన ఇంక ఊరుకోలేక, "ఇటు జరగండి, చూపిస్తాను" అని స్టీరింగు దగ్గరికి మారారు. నేను ఆయన కాలు చూస్తూ కూర్చున్నాను. ఒడ్డు వెనకబడితే గానీ జీపు బల్లలెక్కిందని నాకు తెలియలేదు. పంటువాళ్ళు తాడు వదిలేసి బీడీ ముట్టించుకున్నారు. సోమవారం ఆయన డాక్టరమ్మగారి దగ్గర తాళం తీసుకున్నారు.

నేను ఆదివారాలు మానలేదు. ఆ తర్వాత నా షెడ్డులో మూడు పనులు ఎప్పుడూ తప్పలేదు. దసరాకి రంగు వేసేముందు ప్రతి నిపుల్‌కీ అరటి నార చుట్టేవాణ్ణి. పార్టీ ఏ బరువుతో చప్పుడొస్తుందంటే ఆ బరువు వేసే నడిపి చూసేవాణ్ణి. నడిపేది ఎప్పుడూ ఆ బండి డ్రైవరే. నేను వెనకాల కూర్చునేవాణ్ణి.

ఆరో ఆదివారమో ఏడోదో, మొదటిసారి నేనే జీపుని ఒడ్డు మీంచి పంటు మీదికి ఎక్కించాను. చివర్లో, రెండు చక్రాలు చెక్క మీద పడ్డాక, కిందెక్కడో ఠంగుమంది.  మళ్ళీ బిగుసుకుందా? నిపుల్ వదిలేశానా?

యేసురత్నంగారు తల బయటికి పెట్టి విన్నారు. తాపీగా వెనక్కి వాలారు.

"జీపు బాగానే ఉందండి మేస్త్రీగారూ. ఈ చప్పుడు మాత్రం మీ కాలేనండి."

"ఆయ్" అన్నాను.